గ్లాసు ఎక్కడ పెడితే అక్కడ

“జర చాయ్ పట్టుకొస్తవా?” అని మా ఆయన షెడ్డు నుంచి ఫోన్ చేశాడంటే, ఆయనకు చాయ్ మీద మనసు పుట్టిందని కాదు. షెడ్డులోకొచ్చిన ట్రాక్టరు ఇంజనులో ఏదో తేడాగా మోగుతోంది, అది ఎక్కడ పుట్టి మోగుతోందో ఆయనకు అందటం లేదు అని అర్థం. తొమ్మిదేళ్లుగా ఇదే మా పద్ధతి. నేను పప్పు కుక్కరు దించి, ఆ పొయ్యి మీదే పాలు పెట్టి, ఫ్లాస్కూ నాలుగు గ్లాసులూ పట్టుకుని సందు దాటి వెళ్తాను. ఘనపూర్‌లో మా ఇంటికీ రోడ్డు మీది రేకుల షెడ్డుకీ నడుమ ఆ సందొక్కటే. సగం సందులో ఉండగానే సగం జబ్బు తెలిసిపోతుంది. మిగతా సగం షెడ్డులో నిలబడి, కొంగు నెత్తి మీదికి లాక్కుని చాయ్ పోస్తుంటే తెలుస్తుంది. ఇంత నిదానంగా చాయ్ పోసే ఆడది ఈ మండలంలోనే లేదని రైతులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

ఇంజను పక్కన పానాలు పెట్టుకునే చెక్క పలక ఒకటి ఉంటుంది. మూడు సిలిండర్ల ఇంజనైతే పలకకు ముందు కొస ఒకటోది, నడుమ రెండోది, వెనక కొస మూడోది. ఆయన గ్లాసు నేను ఎక్కడ పెడితే జబ్బు అక్కడ. చప్పుడు ఇంజను తలకాయలో ఉంటే గ్లాసు పలక మీద పెడతాను. అడుగున బేరింగుల దగ్గర ఉంటే అదే వరసలో నేల మీద పెడతాను. సైలెన్సరు అతుకు దగ్గర పొగ చీలుతుంటే ఎక్కడా పెట్టను, చేతికే ఇస్తాను. ఇది ఇద్దరం కూర్చుని అనుకున్నది కాదు, జరుగుతూ జరుగుతూ కుదిరింది. నేను వెనక్కి తిరిగాక ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టి కళ్లు మూసుకుంటాడు. “కరుణాకర్ చెవి పెట్టిండంటే ఇగ డౌటే లేదు” అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆ కళ్లు మూసుకున్నంత సేపూ ఆయనేం వింటాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పెళ్లయిన కొత్తలో ఒకసారి నోరు జారాను. ఒక రైతు ట్రాక్టరు కిచకిచమంటుంటే ఆయన నీళ్ల పంపు విప్పబోతున్నాడు. నేను చాయ్ ఇవ్వడానికే వెళ్లాను, నిజంగా చాయ్‌కే. “పంపు గాదు, బెల్టు. జరన్ని నీళ్లు చల్లి చూడు, ఆగుతది” అన్నాను. చల్లాడు, ఆగింది. ఆ రైతు తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వాడు. “నీ పెండ్లామే మెకానిక్ అయితే నువ్వెందుకే కరుణాకరూ, ఇంట్ల కూసోని బువ్వండు!” ఆ సాయంత్రం మా ఆయన తిట్టలేదు, కొట్టలేదు. అన్నం కలుపుతూ, “తిరుమలా, నీకు తెల్సిందంత నాకు చెప్పు. నల్గురి ముంగట చెప్పకు. నా మర్యాద నీ మర్యాద గాదా?” అన్నాడు. ఆ మాట ఎంత మెత్తగా ఉందంటే, అందులో నాది ఏం పోతోందో కనిపెట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. మా అత్త భూలక్ష్మికి ఆ మెత్తదనం చేతకాదు. “దేవుడు ఆడిదానికి చెవులిచ్చింది కమ్మలు పెట్టుకోనీకె. మొగోళ్ల నడుమ నిలవడి ఇంజన్లు ఇననీకె గాదు” అంది. నేను గ్రీజు పట్టిన ఆయన అంగీలు కిరసనాయిలులో నానబెడుతూ విన్నాను. చెవులున్నాయి కదా, వినబడింది.

ఆ చెవి నాకు చిల్పూర్‌లో వచ్చింది. మా నాయిన రాజమల్లు అక్కడ పిండిగిర్ని నడిపేవాడు. డీజిల్ ఇంజను పక్కనే నా ఉయ్యాల కట్టారట, ఇంజను ఆగితే లేచి ఏడ్చేదాన్నట. నాయిన ఒక్కో చప్పుడుకు ఒక్కో పేరు పెట్టుకున్నాడు. టాపెట్లు వదులైతే గవ్వల మూట. పొగ చీలితే తడి చెప్పు. నాజిల్ డీజిల్‌ను సరిగా చిమ్మక కొట్టుకుంటే వడ్రంగి పిట్ట. బేరింగు పోతే రోకటి పోటు. జనగామలో డిగ్రీ చదివి వచ్చినా నాకు బాగా గుర్తున్న పాఠాలు రెండే, రెండూ గిర్నిలోవే. “చప్పుడు ఇనవడ్డ కాడనే పుట్టిందనుకోకు బిడ్డా. అది ఇనుములకెళ్లి నడుచుకుంట వస్తది.” ఇది ఒకటి. “తెల్వకపోతే ఒక్కొక్కటి ఆపి చూడు. ఏది ఆపితే చప్పుడు ఆగుతదో గదే దొంగ.” ఇది రెండోది. నాకు అనుమానాలు ఎక్కువని మా అత్త అంటుంది. అనుమానం లేకుండా ఇంజను ఎలా వింటారో ఆమెనే అడగాలి.

మొన్న ఎండాకాలంలో మా ఆయన చప్పుడు మారింది. షెడ్డు నుంచి వచ్చి పెరట్లో నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను పక్కనే గిన్నెలు తోముతున్నాను. రోజూ అయితే, “ఇంట్ల గీ గిన్నెల లొల్లేందే, దినమంత ఇంజన్ల చప్పుడు ఇని వస్తే?” అంటాడు. ఆ రోజు అనలేదు. “అయితే తిరుమలా, మూడో సిలిండర్ టాపెట్ అని నీకు ఎట్ల తెల్సింది?” అన్నాడు. నా చేతిలో తపేలా ఆగింది. తొమ్మిదేళ్లలో ఆయన నన్ను ‘ఏది’ అని అడిగాడు గానీ ‘ఎట్ల’ అని ఎన్నడూ అడగలేదు. పైగా అంత నిండు వాక్యం, పేరు పెట్టి పిలిచి, అక్కడ ఇంకెవరో మూడో మనిషి కూర్చుని వింటున్నట్టు. జేబులో ఫోను తలకిందులుగా ఉంది. నేను చెప్పాను. తాళంచెవుల గుత్తి ఊపినట్టు కాదు, గవ్వల మూట ఊపినట్టు ఉంటుంది, వేగం పెంచితే సన్నబడుతుంది, అని. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అది ఇంకా అనుమానంగా ఉంది.

ఒక్కొక్కటి ఆపి చూడటం మొదలుపెట్టాను. ఆదివారం ఆదివారం ఇస్త్రీ అంగీ వేసుకుని జనగామ పోతున్నాడు. ఇంకో ఆడదా? “నన్ను గూడ తోల్కపో, మా చిన్నమ్మను చూసొస్త” అన్నాను. ఉలిక్కిపడితే దొరికిపోతాడనుకున్నాను. “పా” అన్నాడు, అంతే. చిన్నమ్మ ఇంటి దగ్గర దింపి, రెండింటికి వచ్చి ఎక్కించుకున్నాడు. అంగీకి ఏసీ గది చల్లదనం తప్ప ఏ వాసనా లేదు. అది ఆపినా చప్పుడు ఆగలేదు. ఆయనకే నా మీద అనుమానమా, నేను ఎవరితో ఏం మాట్లాడుతున్నానో పట్టుకుంటున్నాడా? వారం రోజులు నా ఫోను తాళం తీసి టీవీ ముందు వదిలేశాను. దాని మీద చెయ్యి వెయ్యలేదు. అదీ కాదు. ఇక మిగిలింది ఒకటి, దాన్ని ఆపడానికి నాకు మనసు రాలేదు. తొమ్మిదేళ్ల తర్వాత ఆయనకు నా మాట వినాలనిపించిందేమో. నేర్చుకోవాలనిపించిందేమో. నల్లా దగ్గర ఆయన ఎట్ల అని అడిగినప్పుడల్లా సబ్బు చేతులతోనే నేను పొంగిపోయి చెప్తున్నాను, నాయిన పేర్లన్నీ ఒక్కొక్కటే పెట్టెలోంచి తీసి ఇస్తున్నట్టు. ఆ పొంగు నిజమో కాదో తేల్చుకోవాలి. ఒక ట్రాక్టరుకు ఫ్యాను కవరు బోల్టు ఊడి రేకు కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకు నాయిన పేరేమీ పెట్టలేదు. “దీన్ని మా నాయిన గొర్రె నెమరు అంటుండె” అన్నాను. అప్పటికప్పుడు పుట్టించాను. ఆయన పెదాలు కదిపి రెండుసార్లు అనుకున్నాడు.

ఆ మాట ఎటు తిరిగి వస్తుందా అని చెవి పెట్టి కూర్చున్నాను. పది రోజులు గడవకముందే వచ్చింది. ఆయన చేతులకు సబ్బుంది, ఫోను మోగితే మోచేత్తో స్పీకరు నొక్కాడు. “కరుణాకర్ గారూ, నేను విద్యాసాగర్‌ని. మీరు పంపిన ఆ గొర్రె నెమరు అద్భుతం సార్! మా ఆఫీసంతా నవ్వుకున్నాం. ఇంత బాగా పేర్లు ఎలా పెడతారండీ?” మా ఆయన నా వైపు చూడలేదు. “ఏదో సార్, చిన్నప్పటి సంది ఇంజన్లతోనే గదా” అన్నాడు. నేను తపేలా అడుగు తోముతున్నాను. అప్పటికే తెల్లబడిన చోటే తోముతున్నాను.

మరుసటి ఆదివారం ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోను చార్జింగులో ఉంది. తీశాను. ఒక్కో ట్రాక్టరుకు మూడు రికార్డులు వరసగా ఉన్నాయి. మొదటిది ఇంజను. రెండోది నేను, నల్లా ధార, గిన్నెల మోత, వాటి నడుమ నా గొంతు. మూడోది ఆయన. నేను చెప్పిన మాటలే, టీవీలో వ్యవసాయ అధికారి మాట్లాడినట్టు నిదానంగా, “ఇక్కడ మనం గమనించవలసింది ఏమిటంటే…” అని. విద్యాసాగర్‌కు పంపింది మొదటిదీ మూడోదీ. మూడోదాంట్లో గిన్నెల చప్పుడు లేదు. చప్పుడు తగ్గించడమంటే మా ఆయనకు తెలిసిన పని ఇదన్నమాట, నన్ను తీసేయడం. మెసేజుల్లో మిగతాది ఉంది. ఇంజను పక్కన ఫోను పెడితే చాలు, ఏ జబ్బో అదే చెప్పే యాప్ ఒకటి విద్యాసాగర్ ఆఫీసులో తయారు చేస్తున్నారు. ఆదివారాలు మా ఆయన పోయేది అక్కడికే. జనగామలో పెట్టే కేంద్రంలో కుర్ర మెకానిక్కులకు పాఠం చెప్పడానికి మా ఆయనను తీసుకుంటారు. గురువారం విద్యాసాగర్ షెడ్డుకొచ్చి ఆయన వింటుండగా వీడియో తీస్తాడు. ఆ ఫోను మళ్లీ చార్జింగుకు పెడుతుంటే నాకొక సంగతి తెలిసి సిగ్గేసింది. దొంగతనానికంటే ఎక్కువగా నేను భయపడింది ఇంకోదానికి. ఫోనే అన్నీ చెప్పగలిగాక ఆయన ఇక నన్ను చాయ్ తెమ్మని పిలవడు. కొంగు కప్పుకుని నిలబడే ఆ రెండు నిమిషాలే ఇన్నేళ్లూ నావి అనుకుని బతికానన్నమాట.

నేనేమీ అడగలేదు. గురువారం కోసం చూశాను. పిలుస్తాడు, వెళ్తాను, గ్లాసు మాత్రం ఎక్కడా పెట్టను. కెమెరా ముందు కళ్లు మూసుకుని ఎంతసేపు నిలబడతాడో నిలబడనీ.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. “సార్ వాళ్లు వచ్చిన్రు. జర మంచి చాయ్ పట్టుకొస్తవా?” సందులో అడుగు పెట్టగానే చప్పుడు వినిపించింది. గట్టిగా, ఒక్క తీరుగా, లెక్క తప్పకుండా కొడుతోంది. షెడ్డు ముందు డీసీఎం లారీ, లోపల దాంట్లోంచి దింపిన ట్రాక్టరు. సీట్లో ఒక నడివయసు మనిషి, తుల్సీబాయి, కొత్తగూడ అవతల తండా ఆమెది. ట్రాక్టరు ఆమెదే, నడిపేదీ ఆమే. “మా కాడ ఇద్దరు మెకానికులు చూసిన్రు అన్నా. బేరింగు పోయింది, ఇంజన్ దించాలంటున్రు. ఘనపూర్ల చెవి పెట్టి చెప్తడంట అంటే లారీల ఏసుకొని వచ్చిన” అంటోంది మా ఆయనతో. విద్యాసాగర్ సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మూడు కాళ్ల స్టాండు మీద ఫోను నిలబెట్టి, నన్ను చూసి, “అమ్మా, కొంచెం పక్కకి. ఫ్రేములోకి వస్తున్నారు” అన్నాడు.

పక్కకు జరిగాను. అందరికీ పోశాను, మా ఆయన గ్లాసు చేతిలోనే ఉంచుకున్నాను. ఆయన ఒక్కో సిలిండరుకు డీజిల్ పైపు నట్టు వదులు చేసి, దానొక్కదాన్నే ఆపి చూస్తున్నాడు. ఒకటోది వదిలితే చప్పుడు అలాగే ఉంది. రెండోది వదిలితే తగ్గింది. ఆ పని ఆయనకు వచ్చు, చేతులు మంచివి, అది నేను కాదనను. కానీ అక్కడే అందరూ బోల్తా పడతారు. రెండోదాంట్లో బేరింగు పోయినా తగ్గుతుంది, నాజిల్ పాడైనా తగ్గుతుంది. నేల మీదా, పలక మీదా? ఆయన నా చెయ్యి వంక చూశాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టి, కళ్లు మూసి, తెరిచి, మళ్లీ నా చెయ్యి వంక చూశాడు. నేను గ్లాసు ఎత్తి చాయ్ తాగాను. షెడ్డులో నిలబడి చాయ్ తాగటం నాకు అదే మొదలు. చక్కెర కొంచెం ఎక్కువైంది.

మూడోసారి చూశాక ఆయన గొంతు సవరించుకుని కెమెరా వైపు తిరిగాడు. “ఇక్కడ మనం గమనించవలసింది ఏమిటంటే, ఇది బేరింగు. ఇంజన్ దించాలె.”

“ఎన్ని దినాలైతది అన్నా?” అంది తుల్సీబాయి.

“పది, పన్నెండు.”

ఆమె ఇంజను ఆపి, దిగి, పెద్ద టైరుకు ఒరిగి కూర్చుంది. “నాట్లు అయ్యేదే గా పది దినాలల్ల. మా తండ పొలాలన్ని దీని మీదనే ఉన్నయి. దమ్ము చెయ్యకపోతే నారు ముదురుతది” అంది, ఎవరితోనూ కాకుండా. తర్వాత నాతో, “చెల్లె, ఇంకింత పొయ్యి” అని గ్లాసు చాపింది. పోస్తుంటే నెమ్మదిగా, “నాకైతే బేరింగు అనిపిస్తలేదే. కాళ్లు పెట్టి నడిపేదాన్ని నేను. గీ చప్పుడు కాళ్లకు వస్తలేదు, పండ్లకు వస్తున్నది. గదే చెప్పిన ఇద్దరికి. నువ్వు ఎక్కి కూసునుడే ఎక్వ, మళ్ల ఇననీకె గూడనా అన్నరు” అంది.

ఫ్లాస్కు కింద పెట్టాను. చప్పుడు పైన పుడితే పైకి, పళ్లలోకి వస్తుంది. అడుగున పుడితే కాళ్లలోకి. నాయిన స్క్రూడ్రైవరుతో నేర్పింది ఈమె ఫుట్‌రెస్టు మీద ఒక్కతే నేర్చుకుంది. నేనేమో మా ఆయన పరువు తీయడానికి నోరు మూసుకుని నిలబడ్డాను, ఆయనకు పోయేది ఒక వీడియో, ఈమెకు పోయేది ఒక పంట. నా పగ కూడా నడుచుకుంటూ పోయి ఇంకో ఆడదాని మీద మోగుతోంది.

“లే అక్కా. స్టార్ట్ చెయ్యి” అన్నాను. కొంగు నడుముకు చెక్కి, మా ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాను. ఆయన పట్టు విడవడానికి ఒక క్షణం పట్టింది. మొన అడుగున ఆనించి విన్నాను. పైకి వచ్చి రెండోదాని తల మీద ఆనించాను. చెవి వెనక ఎముక మీద ముక్కుతో పొడిచినట్టే ఉంది.

“రోకటి పోటు గాదు. వడ్రంగి పిట్ట” అన్నాను. “రెండోదాని నాజిల్ తీసి మూడోదాంట్ల పెట్టు. మూడోదాన్ది రెండోదాంట్ల పెట్టు. చప్పుడు నాజిల్ ఎంబడి పోతే దొంగ గదే.”

“తిరుమలా…” అన్నాడు మా ఆయన, పళ్ల మధ్య నుంచి. “సార్ ఉన్నడు.”

“ఉండనియ్యి.”

విప్పాడు. మార్చి బిగించాడు. తుల్సీబాయి మళ్లీ తాళం తిప్పింది. అదే పొడుపు. రెండోదాని నట్టు వదిలితే తగ్గలేదు. మూడోదాన్ది వదిలాడు, తగ్గిపోయింది. తుల్సీబాయి మడ్‌గార్డు మీద అరచేత్తో చరిచి నవ్వింది. “నాజిలే! పొద్దుగూకేటాళ్లకు ఇంట్ల ఉంట! నీ చెవు సల్లగుండ చెల్లె!”

విద్యాసాగర్ స్టాండును నా వైపు తిప్పాడు. “మేడమ్, ఆ పిట్ట సంగతి ఇంకోసారి చెప్తారా? ఇక్కడ, ఈ ఫోను చూస్తూ.” అమ్మను మేడమ్‌ను చేసిన ఆ నవ్వు మీద కూడా నాకు నమ్మకం కుదరలేదు.

“ముందు దాన్ని ఆపు సార్. నీకు గొర్రె నెమరు వచ్చింది గదా? అసొంటి చప్పుడు లోకంలనే లేదు. నేను పుట్టించిన, ఏడ తేల్తదో చూద్దామని.” మా ఆయన తల వంచి పానా తుడుస్తున్నాడు. “ఒక్కొక్క ఇంజన్‌కు ఆ ఫోన్ల మూడు రికార్డులున్నయి. నీ దాంక వచ్చినయి రెండే. నడిమిది అడుగు. గిన్నెల చప్పుడుంటది, అయినా ఇను. ఇన్నంక నా పేరు మీద మాట్లాడుదాం.”

షెడ్డులో ఆయన కూర్చునే ఇనుప స్టూలు ఒకటుంది. తొమ్మిదేళ్లలో దాని మీద నేను బట్టలు కూడా ఆరేయలేదు. కూర్చున్నాను. స్క్రూడ్రైవరు ఒళ్లో పెట్టుకుని, ఖాళీ ఫ్లాస్కు ఆయన వైపు చాపాను. అందరూ చూస్తున్నారు, ఆయన అందుకున్నాడు.

“చాయ్ ఒడిసింది. జర పట్టుకొస్తవా? గిన్నెలు చప్పుడు గాకుంట చూస్కో, అత్త పండుకున్నది.”